మెట్లు దిగడానికి పన్నెండేళ్లు

హనుమకొండలో మా మేనత్తకు ఒక పాత మేడ ఉండేది. మామయ్య పోయాక కింది భాగం అద్దెకిచ్చి, తను పైన ఉండేది. నెలనెలా వచ్చే పద్దెనిమిది వందలే ఆమెకు పాలు, మందులు, కరెంటు బిల్లు. 2009 నాటికి మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కడం నరకమైంది. "మీరు ఖాళీ చేస్తే నేను కిందికి దిగుతా" అని అద్దెకున్నవాళ్లను అడిగింది. వాళ్లు కుదరదన్నారు. పిల్లల బడి పక్క వీధిలోనే, ఆ అద్దెకు ఇంకో ఇల్లు దొరకదు. ఎవరి ఇబ్బంది వారిది. వ్యవహారం కోర్టుకెక్కింది.

చట్టంలో లోపమేమీ లేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం తన అవసరం నిజమైనదని రుజువు చేసుకుంటే యజమానికి ఇల్లు ఇప్పిస్తారు. సరైన కారణం లేకుండా అద్దెదారుని వెళ్లగొట్టనివ్వరు. రెండూ న్యాయమే. కానీ ముందు రెంట్ కంట్రోలర్, ఆపైన అప్పీలు, ఆపైన హైకోర్టులో రివిజన్. ఒకసారి సాక్షి రాడు, ఇంకోసారి వకీలు రాడు, మరోసారి జడ్జిగారికి బదిలీ. 2014లో తీర్పు అత్తకు అనుకూలంగా వచ్చింది. అప్పీలుకు మరో నాలుగేళ్లు. హైకోర్టులో ఉండగా కరోనా. 2021లో గానీ తాళంచెవులు చేతికి రాలేదు.

"గెలిచినం గదా బిడ్డా, ఇగ నన్ను కిందికి దింపుండ్రి" అంది అత్త. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ఆ కింది గదిలో ఆమె ఆరు నెలలు కూడా ఉండలేదు.

అంతకాలం ఆ అద్దెదారుల పేరు చెబితేనే నాకు ఒళ్లు మండేది. అత్త దినాలకు ఆ ఇంటావిడ వచ్చింది. నా పక్కన కూర్చుని, "పన్నెండేళ్లు ఆ గోడకు ఒక మేకు సుత కొట్టలే అక్కా. పొద్దున లేస్తే వకీలు ఫోనొస్తదని భయం. ఆయనకిచ్చిన పైసలు దాచుకుంటే ఎక్కడన్న ఇంత జాగ కొనుక్కుందుము" అంది. కథలు రాసుకునే నాకు కూడా అన్నాళ్లూ ఆమె వైపు నుంచి ఆలోచన రాలేదు. కేసు గెలిచినావిడా సుఖపడలేదు, ఓడినావిడా సుఖపడలేదు.

మాదీ హైదరాబాదులో అద్దె బతుకే. ఇంతకుముందున్న ఇంట్లో యజమాని నెలలో ఖాళీ చేయమన్నాడు. పిల్లల పరీక్షలయ్యేదాకా ఆగమంటే నీళ్ల మోటారు ఆపేశాడు. కోర్టుకెళ్లమన్నారు తెలిసినవాళ్లు. అత్త కళ్లముందు మెదిలింది. నోరు మూసుకుని సామాను సర్దుకున్నాం.

నాకు అనిపిస్తుంది, ఆ మోటారు ఆపిన చెయ్యి యజమానిదే అయినా, దానికి ధైర్యమిచ్చింది కోర్టు ఆలస్యమేనని. న్యాయం త్వరగా దొరకదని తెలిసిన యజమాని దౌర్జన్యానికి దిగుతాడు. అదే తెలిసిన అద్దెదారు తలవంచుతుంది. ఖాళీ చేయరేమోనన్న భయంతో కొందరు ఇళ్లకు తాళాలేసి ఉంచుతారు. ఒంటరి ఆడది ఇల్లడిగితే వంద ప్రశ్నలు వేస్తారు. ఓపిక, డబ్బు ఉన్నవారికే వాయిదా కలిసొస్తుంది. ముసలివాళ్లకూ, ఆధారం లేనివాళ్లకూ వాయిదాయే శిక్ష.

సివిల్ దావాల్లో ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, తగవులను అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలంటోంది. నివాసపు ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని, నీళ్లు, కరెంటు ఆపరాదని చెబుతోంది. అయితే రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. చేసుకున్నా సరిపోదు. చాలినంతమంది జడ్జీలు, సిబ్బంది లేకపోతే అరవై రోజులూ కాగితం మీదే ఉంటాయి. మనం నిలదీసి అడగాల్సింది ఇదే.

ఈలోగా మన చేతిలో ఉన్న పనులూ ఉన్నాయి. ఎంత తెలిసినవాళ్లయినా ఒప్పందం రాసుకోవాలి. ఏడాదికి మించిన లీజైతే రిజిస్టర్ చేయించాలి. అద్దె బ్యాంకు ద్వారా కట్టాలి, లేదా రసీదు అడిగి తీసుకోవాలి. మాట తేడా వచ్చినప్పుడు వకీలు దగ్గరికి పరుగెత్తేముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ గడప తొక్కండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానిమీద అప్పీలుండదు. మా అత్తకుగానీ, ఆ ఇంటావిడకుగానీ ఈ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే ఏ ఏడాదికో ఇద్దరూ ఒక తేదీకి ఒప్పుకునేవారేమో!

అత్త కూతురు, మా వదిన, పోయిన ఏడాది ఆ కింది భాగం మళ్లీ అద్దెకిచ్చింది. ఒప్పందం దగ్గరుండి రాయించింది నేనే. ఇల్లు అవసరమైతే ఆరు నెలల ముందే చెప్పాలని, ఆ గడువుకు వాళ్లు ఖాళీ చేయాలని రాయించాను. కొత్తగా వచ్చిన అమ్మాయి చదువుకుని సంతకం పెట్టి, "ఆంటీ, గోడకు మేకు కొట్టుకోవచ్చా?" అని అడిగింది.

"నిక్షేపంగా కొట్టుకో తల్లీ" అన్నాను.