అమ్మ అల్లికకి ఇన్‌స్టా పేజీ అవసరమా?

రిటైరయ్యాక మళ్లీ లేసు సూది పట్టిన అమ్మ మీ ఇంట్లోనూ ఉండొచ్చు. ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో ఫ్లాట్‌కి మారేటప్పుడు, ఏ పాత డబ్బాలోనో దొరికిన సూది అది. డ్యూటీ, క్యారేజీలు, పిల్లల ట్యూషన్ల మధ్య ముప్ఫై ఏళ్లు దాన్ని ముట్టుకునే తీరికే లేదు.

ఇప్పుడు టేబుల్ క్లాత్ మొదలుపెట్టగానే మనమేమంటాం? "సూపరమ్మా! ఇన్‌స్టా పేజీ పెడదాం, ఆర్డర్లు వస్తాయి." ప్రేమతోనే అంటాం. కానీ అరవై దాటిన మనిషికి మళ్లీ డెడ్‌లైన్ పెట్టేస్తున్నాం.

ఇదే అల్లిక బతుకుతెరువైతే ఎలా ఉంటుందో నరసాపురం చెబుతుంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పని గోదావరి జిల్లాల్లో వేలమంది ఆడవాళ్లకి ఆధారమైంది. విదేశాలకి వెళ్లే ఆ లేసు వెనకున్న కష్టం మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకమే రాశారు. వాళ్లు గంటల తరబడి అల్లినా, 'ఇంట్లో కూర్చుని ఖాళీగా ఉన్నప్పుడు చేసేదేగా' అన్న లెక్కతో కూలి మాత్రం అతి తక్కువే.

అక్కడ పనిని కాలక్షేపం అన్నారు. ఇక్కడ మనం కాలక్షేపాన్ని పనిగా మార్చేస్తున్నాం.

అందుకే నరసాపురం లేసు కొనేటప్పుడు బేరమాడొద్దు. అమ్మకి మాత్రం పూర్ణా మార్కెట్ నుంచి రెండు దారం ఉండలు తెచ్చివ్వండి. "ఎంతకి అమ్ముదాం?" అని కాదు, "ఈ పువ్వు ఎలా వచ్చిందమ్మా?" అని అడగండి. అమ్మాలనిపిస్తే ఆవిడే చెబుతుంది. సగంలో వదిలేసినా ఏం పోదు.