గద్దె నెక్కిన పిమ్మట: లంకాధ్యక్షుని ముందున్న పరీక్షలు

ఇల్లలుకగానే పండుగ కాదని మన పెద్దలు చెప్పిన మాట గృహస్థున కెంత వర్తించునో రాజ్యపాలకునకు నంతే వర్తించును. ఎన్నికలో గెలుచుట ఇల్లలుకుటవంటిది. పండుగకు కావలసిన బియ్యము, పప్పు, నెయ్యి ఇంటిలో నున్నవో లేవో చూచుకొనుట అటుపిమ్మటి పని. 2024 సెప్టెంబరు 23వ తేదీన శ్రీలంక అధ్యక్షులుగా ప్రమాణస్వీకారము చేసిన శ్రీ అనుర కుమార దిస్సనాయకేకు ఇల్లైతే అలుకబడినది గాని, కొట్టు ఖాళీగా నుండెను; పైగా గుమ్మమున అప్పులవారు కూర్చుండి యుండిరి.

ఆయన ఎన్నికైన తీరే విశేషమైనది. ఆ దేశపు శాసనము ప్రకారము వోటరు తన కిష్టమైన అభ్యర్థి నొక్కనినే గాక, కోరినచో రెండవ, మూడవ అభ్యర్థులను గూడ వరుసగా సూచింపవచ్చును. మొదటి లెక్కలో ఎవ్వరికిని సగమునకు మించి వోట్లు రానిచో ఆ రెండవ కోరికలను లెక్కింతురు. 1982లో మొదలైన అధ్యక్ష ఎన్నికల చరిత్రలో ఆ రెండవ లెక్క అవసరమగుట 2024లోనే ప్రథమము. మొదటి లెక్కలో 42.31 శాతము వోట్లు పొందిన శ్రీ దిస్సనాయకే రెండవ లెక్కలో విజయులైరి. ఇదే నాయకునకు 2019 ఎన్నికలో నూటికి నాలుగు వోట్లయినను రాలేదు. 2020లో ఏర్పడిన పార్లమెంటులో ఆయన కూటమికి 225 స్థానములలో 3 మాత్రమే దక్కినవి. అట్టి కూటమి 2024 నవంబరు 14న జరిగిన పార్లమెంటు ఎన్నికలో 159 స్థానములు గెలుచుకొనెను.

ఇంత గొప్ప మార్పు ఒక మనిషి వాగ్ధాటివలన కలిగినదని యనుకొనుట పొరపాటు. ప్రజలు అంతకుముందు ఏలినవారిపై విసిగి, ఇంతవరకు ఏలని వారిని వెదకికొనిరి. విసుగువలన వచ్చిన అధికారము వరదనీటివంటిది. వచ్చినంత వేగముగనే తీసిపోవచ్చును. గద్దె నెక్కిన నాయకుడు మొదట గ్రహింపవలసిన సత్యమిదియే.

శ్రీలంక వ్యవహారములు మన కంత దూరమైనవి కావు. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనములందు సింహళ విహారము పేరు కానవచ్చును. క్యాండీ నగరము నేలిన చివరి రాజవంశము తెలుగు నాయకుల సంతతికి చెందినది. ఆ వంశమున కడపటివాడైన శ్రీ విక్రమ రాజసింహుడు 1815లో ఆంగ్లేయులకు పట్టుబడి, వేలూరు కోటలో బందీయై 1832లో మరణించెను. స్వదేశపు సామంతులే ఆయనకు వ్యతిరేకులై పరదేశీయులతో ఒడంబడిక చేసికొనిరి. నేటికిని పాములాడించుచు ఊరూర తిరిగిన అహికుంటక జాతివారు ఆ ద్వీపములో తెలుగు మాటలాడుచునే యున్నారు. కనుక అచటి కష్టసుఖములను మన పొరుగింటి సంగతులవలె తెలిసికొనుట తగియున్నది.

ఇక కొట్టు ఖాళీ యగుటకు కారణములు చూతము. 2019 ఏప్రిలు 21న ఈస్టరు పండుగనాడు చర్చిలలోను, హోటళ్లలోను జరిగిన ప్రేలుళ్లలో రెండువందల యేబదిమందికి పైగా మరణించిరి. దానితో విదేశీ యాత్రికుల రాక తగ్గెను. ఆ సంవత్సరాంతమున గద్దె నెక్కిన శ్రీ గోటబాయ రాజపక్స పన్నులను భారీగా తగ్గించిరి. కొలది నెలలలోనే కోవిడు వ్యాధి వ్యాపించి యాత్రికుల రాకను పూర్తిగా ఆపివేసెను. 2021లో రసాయనపు ఎరువుల దిగుమతిని ఒక్కమారుగా నిషేధించుటచే వరి, తేయాకు పంటలు దెబ్బతినెను. కొన్ని నెలలకు ఆ నిషేధమును సడలింపవలసివచ్చినను జరిగిన నష్టము జరిగిపోయెను. ఆదాయపు దారులు మూసికొనుచుండగా వెనుకటి ప్రభుత్వములు చేసిన అప్పుల వాయిదాలు మాత్రము ఆగలేదు.

అప్పుచేసి పప్పుకూడు తిన్న ఇంటికి ఎట్టి దినము వచ్చునో అట్టి దినము 2022 ఏప్రిలులో లంకకు వచ్చెను. విదేశీ ఋణములను చెల్లింపజాలమని ప్రభుత్వము ప్రకటించెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత అట్టి దుస్థితి ఎన్నడును లేదు. పెట్రోలు కొరకు, వంట గ్యాసు కొరకు జనులు దినముల తరబడి వరుసలలో నిలిచిరి. ధరల పెరుగుదల ఆ సెప్టెంబరునాటికి నూటికి 70కి చేరువయ్యెను. 2022 జూలై 9న ప్రజలు వెల్లువవలె అధ్యక్షభవనములోనికి ప్రవేశించిరి. నాలుగు దినములకు శ్రీ గోటబాయ దేశము విడిచి వెడలిపోయిరి. పార్లమెంటు ఎన్నుకొనగా అధ్యక్షులైన శ్రీ రణిల్ విక్రమసింఘే మిగిలిన కాలము పాలించి, 2024 ఎన్నికలో మూడవ స్థానమునకు దిగిపోయిరి.

పదవి స్వీకరించిన శ్రీ దిస్సనాయకేకు మొదటి పరీక్ష ఋణ విషయమున ఎదురయ్యెను. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి 48 నెలలలో సుమారు 300 కోట్ల డాలర్లు ఇచ్చుటకు అంగీకరించి, కొన్ని నియమములు పెట్టెను. వానిలో ముఖ్యమైనదానిని విద్యార్థుల కిట్లు వివరింపవచ్చును. ప్రభుత్వము చెల్లించు వడ్డీలను ప్రక్కకు పెట్టి చూచినచో, రాబడి తక్కిన ఖర్చుకంటె హెచ్చుగా నుండవలెను. 2025లో ఆ హెచ్చు దేశపు మొత్తము ఉత్పత్తిలో నూటికి 2.3 వంతు లుండవలెనని నిర్ణయము. దీనికై వస్తువులపై విలువ ఆధారిత పన్ను 2024 జనవరిలో 18 శాతమునకు పెరిగెను. ధనికుడును, దరిద్రుడును ఒకే రేటున చెల్లించు పన్ను దరిద్రునకే ఎక్కువ భారమగునని వేరుగ చెప్ప నక్కరలేదు.

ఆ నియమములను మార్పింతునని శ్రీ దిస్సనాయకే ఎన్నికలలో వాగ్దానము చేసిరి. కాని పోలింగునకు రెండు దినములు ముందే, సెప్టెంబరు 19న, వెనుకటి ప్రభుత్వము విదేశీ ఋణపత్రముల యజమానులతో సూత్రప్రాయముగా ఒప్పందము ముగించెను. దానిని త్రోసిపుచ్చినచో అంతవరకు జరిగిన పని యంతయు మొదటికి వచ్చును. అంగీకరించినచో మాట తప్పెననెడి నింద వచ్చును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆయన రెండవ మార్గమునే యెంచుకొని, ద్రవ్యనిధి కార్యక్రమమును కొనసాగించిరి. ఆ డిసెంబరులో ఋణపత్రముల మార్పిడి పూర్తియయ్యెను. దీనిని పిరికితన మందుమా, వివేక మందుమా? అప్పులో నున్న గృహస్థుడు ఋణదాతతో పేచీ పెట్టుకొని విత్తనములు తెచ్చుకొనలేడు. ఈ మార్గము వివేకమే యని నా యభిప్రాయము. అయితే ఆ వివేకపు భారము ఎవరి వీపుపై పడుచున్నదో చూచుకొనుట కూడ పాలకుని విధియే. వామపక్షమునుండి వచ్చిన నాయకుని ప్రజలు ప్రత్యేకించి అడుగు ప్రశ్న అదియే.

రెండవ పరీక్ష తమిళుల సమస్య. 1948లో చేసిన పౌరసత్వ చట్టముచే తేయాకు తోటల తమిళులు లక్షలకొలది పౌరసత్వము లేనివారైరి. 1956లో సింహళ మొక్కటే అధికార భాష యయ్యెను. 1983 జూలైలో తమిళులపై ఘోరమైన దౌర్జన్యము జరిగెను. అటుపై సాగిన అంతర్యుద్ధము 2009 మేలో గాని ముగియలేదు. తుపాకులు మూగవోయినవి గాని, కనబడకుండపోయిన కుమారుల జాడ చెప్పుమని తల్లులు నేటికిని అడుగుచున్నారు. 1987లో భారత-శ్రీలంక ఒడంబడిక ననుసరించి 13వ రాజ్యాంగ సవరణ ద్వారా ఏర్పడిన రాష్ట్ర మండలులకు 2014 తరువాత ఎన్నికలే లేవు. ఆయన గద్దె నెక్కునాటికి అవి పాలకవర్గములు లేని కార్యాలయములై యుండెను.

ఇచట నూతనాధ్యక్షుని పక్షపు గతము ఆయనకు అడ్డు వచ్చును. జనతా విముక్తి పెరమున యను ఆ పక్షము 1971లోను, మరల 1987 నుండి 1989 వరకును సాయుధముగా తిరుగబడెను. రెండవ తిరుగుబాటు నాటి హింసలోను, దాని నణచుటకు ప్రభుత్వము సాగించిన హింసలోను వేలకొలది యువకులు నశించిరి. ఆనాడు ఆ పక్షము 13వ సవరణను తీవ్రముగా నెదిరించెను. కలిసియుండిన ఉత్తర, తూర్పు రాష్ట్రములను విడదీయుమని సుప్రీంకోర్టు కెక్కి 2006లో తీర్పు తెచ్చుకొన్నదియు ఆ పక్షమువారే. అయినను 2024 నవంబరులో తమిళుల కేంద్రమైన జాఫ్నా జిల్లాలో సయితము ఆయన కూటమియే ముందు నిలిచెను. తమ్ము నొకనాడు నమ్మని పక్షమును తమిళులు నమ్మి చూచిరన్న మాట. ఇట్టి నమ్మకము చరిత్రలో మాటిమాటికి దొరకదు. 2025 మేలో జరిగిన స్థానిక ఎన్నికలలో ఉత్తరమున తమిళ పక్షములే మరల ముందునకు వచ్చుట ఆ నమ్మకము ఎంత త్వరగా సన్నగిల్లునో తెలుపుచున్నది.

మూడవది ఇరుగుపొరుగుల సమస్య. 2022 కష్టకాలమున భారతదేశము సుమారు 400 కోట్ల డాలర్ల సహాయము చేసెను. చైనాయో, లంకకు పెద్ద ఋణదాత. ఒకనాడు భారత విస్తరణవాదమును దూషించిన పక్షమునుండి వచ్చిన శ్రీ దిస్సనాయకే మొదటి విదేశయాత్రకు 2024 డిసెంబరులో ఢిల్లీకే వచ్చిరి. మరుసటి నెలలో బీజింగునకు పోయిరి. ఈ తూకము చూపునకు తేలికగానున్నను, నిలుపుట కష్టము. దీనికి తోడు జాలరుల తగవు కలదు. తమిళనాటి మరపడవలు సముద్రపు అడుగును ఊడ్చునట్లు వలలు లాగుటచే యుద్ధములో సర్వము కోల్పోయిన ఉత్తర లంక జాలరుల బ్రతుకు దెబ్బతినుచున్నది. పట్టుబడి చెరసాలకు పోవువారును పేదలే, వల చిరిగి యేడ్చువారును పేదలే. రెండు ప్రభుత్వముల పంతములకంటె ఈ రెండు తీరముల ఆకలి పెద్దది.

పాలకుడు ముందుగా లెక్కవేసికొనలేని పరీక్షలు కూడ కలవు. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుపానులో కొండలు విరిగిపడి, ఊళ్లు మునిగి, ఆరువందల మందికి పైగా మరణించిరి. కూడబెట్టిన పైకమును అప్పులవారికి లెక్కించి పెట్టుచున్న దేశమునకు అది పుండుపై కారమయ్యెను.

ఇన్నింటికంటె లోతైన పరీక్ష మరియొకటి కలదు. అది ఆయన కూర్చున్న కుర్చీయే. 1978లో శ్రీ జయవర్ధనే రచింపించిన రాజ్యాంగము అధ్యక్షుని దేశాధిపతిగను, ప్రభుత్వాధిపతిగను, సేనాధిపతిగను ఒక్కనినే చేసెను. ఈ పదవిని రద్దు చేయుదునని 1994లో శ్రీమతి చంద్రిక కుమారతుంగ చెప్పి గెలిచిరి, రద్దు చేయలేదు. శ్రీ మహీంద రాజపక్స కాలమున 2010లో 18వ సవరణ చేసి, రెండుమార్లకు మించి పోటీ చేయరాదను హద్దును గూడ తీసివేసిరి. 2015లో శ్రీ సిరిసేన అధికారములను కొంత తగ్గించిరి. 2020లో శ్రీ గోటబాయ వానిని తిరిగి తీసికొనిరి. ఆయన పోయిన పిమ్మట 2022లో మరల కొంత తగ్గించిరి. ఏరు దాటువరకు ఓడమల్లయ్య, దాటిన పిమ్మట బోడిమల్లయ్య యను సామెతకు ముప్పదేండ్ల లంక చరిత్ర ఒక వ్యాఖ్యానమువలె నున్నది.

ఈ పదవిని తొలగించి పార్లమెంటుకు బాధ్యత వహించు ప్రభుత్వమును నెలకొల్పుదునని శ్రీ దిస్సనాయకే కూడ వాగ్దానము చేసిరి. రాజ్యాంగ సవరణకు మూడింట రెండు వంతులు, అనగా 150 మంది సభ్యులు కావలెను. ఆయనకు 159 మంది కలరు. ముఖ్యమైన కొన్ని నిబంధనలకు ప్రజలందరి వోటు కూడ పొందవలెను. వెనుకటివారు బలము చాలదని చెప్పి తప్పించుకొనవచ్చును గాని ఈయనకు ఆ సాకు లేదు. కష్టకాలమున దేశమునకు బలమైన చేయి కావలెను గదా యని కొంద రందురు. ఆ వాదములో కొంత సత్యము లేకపోలేదు. కాని 2019 నుండి 2022 వరకు దేశము నడిపినది బలమైన చేయియే. పన్నులు తగ్గించినప్పుడు గాని, ఎరువులు నిషేధించినప్పుడు గాని ఆగుమని చెప్పగల శక్తి మంత్రివర్గమునకు లేకపోయెను, పార్లమెంటునకును లేకపోయెను. ఆర్థిక పతనమును, అధికార కేంద్రీకరణమును వేరువేరు వ్యాధులుగా చూచుట తగదు. ఒకదాని వేరు రెండవదానిలో నున్నది.

కాలము కూడ ఆయన పక్షమున నిలువదు. 2024 నవంబరులో నూటికి 61 మంది వోటు పొందిన కూటమికి 2025 మే స్థానిక ఎన్నికలలో 43 మంది వోటే దక్కెను. బలము నిండుగా నున్నప్పుడు దానిని విడుచుట ఉదారత యనిపించుకొనును. తరిగిపోయిన తరువాత విడుచుట నిస్సహాయత యగును.

పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు అధ్యక్ష పాలనకును, పార్లమెంటరీ పాలనకును గల భేదమును నల్లబల్లపై రెండు వరుసలుగా వ్రాయుదురు. పిల్లలు దానిని వల్లించి పరీక్షలో నింపుదురు. ఆ రెండు వరుసల నడుమ నున్న గీతలో ఎందరి అన్నము, ఎందరి ప్రాణము ఇమిడియున్నదో చెప్పుటకు పొరుగుననున్న లంకకంటె మంచి పాఠము లేదు. ప్రజలు ఒకని చేతికి సర్వాధికారము నిచ్చుట ఒక్కదినపు పని. ఆ యధికారములో కొంత తిరిగి ప్రజలకే యిచ్చివేయుట మాత్రము ఆ ద్వీపమున ఇంతవరకు ఏ యధ్యక్షుడును పూర్తిచేయని పని. శ్రీ దిస్సనాయకే దానిని పూర్తిచేసినచో, అప్పులు తీర్చిన కీర్తికంటె అది ఎక్కువ కాలము నిలుచును.