నివాళి సభ చాలదు, ఓటరు జాబితా చూడండి

మహనీయుడు జీవించి ఉండగా ఆయన ఆశయానికి అడ్డుపడినవారే, ఆయన మరణించాక పూలమాలలతో ముందు వరుసలో నిలుస్తారు. అమెరికా పౌరహక్కుల నాయకుడు, ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ లూయిస్ విషయంలోనూ ఇదే జరిగింది.

1965 మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మాలో ఓటుహక్కు కోరుతూ బయలుదేరిన శాంతి యాత్రపై పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. ముందు నడుస్తున్న 25 ఏళ్ల లూయిస్ పుర్రె చిట్లింది. ఆ ప్రాంతపు నల్లజాతీయులలో ఓటర్లుగా నమోదైనవారు నూటికి ఇద్దరు ముగ్గురే. నెలకు రెండు రోజులే తెరిచే నమోదు కార్యాలయం, అక్షరాస్యత పరీక్షలు వారిని గడప దాటనివ్వలేదు. ఆ నెత్తుటి ఫలితమే అదే ఏడాది ఆగస్టు 6న వచ్చిన ఓటుహక్కుల చట్టం. 2013లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టపు కోరలు పీకింది.

2020 జులై 17న లూయిస్ కన్నుమూశారు. 1960లో విద్యార్థి ఉద్యమ కాలం నుండి ఆయనను ఎరిగిన సహచర సభ్యుడు జేమ్స్ క్లైబర్న్ కంటతడితో సరిపెట్టలేదు. మిత్రుని గౌరవించదలచినవారు ఆ చట్టాన్ని పునరుద్ధరించాలని నిలదీశారు. లూయిస్ పేరిట ఉన్న బిల్లు 2021 ఆగస్టులో ప్రతినిధుల సభలో నెగ్గినా, సెనేట్‌లో ఆగిపోయింది. పొగడ్తలకు కొరత రాలేదు. ఓట్లకే కొరత వచ్చింది!

‘అమెరికా సంగతి మనకెందుకు?’ అనవచ్చు. 2017 జనవరిలో ఏడు ముస్లిం దేశాల ప్రజల రాకపై నిషేధం విధించినప్పుడు, ఈ క్రైస్తవ నాయకుడు అట్లాంటా విమానాశ్రయానికి వెళ్లి, ఎందరిని నిర్బంధించారని అడిగారు. జవాబు రాకపోతే అక్కడే బైఠాయించారు. మన కొరకు కూర్చున్న మనిషి సంగతి మనకు పరాయిది కాదు.

ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసిన నాకు తెలిసిన సత్యం ఒకటుంది. హక్కును హరించడానికి ప్రతిసారీ లాఠీ అక్కర్లేదు, జాబితాలో పేరుపై ఒక గీత చాలు. రాజ్యాంగం 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. ఊరిలో నివసించడం లేదనో, అర్హత లేదనో పేరు తొలగించే ముందు వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ శాసిస్తున్నది. కానీ జాబితా తెరచి చూడనివానికి తన పేరు పోయిందని పోలింగ్ రోజు వరకు తెలియదు. అప్పటి ఆక్రోశం ఎవరికి పనికివస్తుంది?

మన పెద్దలను సూటిగా అడుగుతున్నాను. వర్ధంతి సభలకు శాలువలు, ఫ్లెక్సీలు కొనే సంఘాలు తమ మహల్లా ఓటరు జాబితాను ఎన్నడైనా ఇంటింటికీ తిప్పి సరిచూశాయా? అద్దె ఇల్లు మారిన కుటుంబాల చేత ఫారం 8, పద్దెనిమిదేళ్లు నిండిన ఆడపిల్లల చేత, మగపిల్లల చేత ఫారం 6 నింపించాయా? తొలగింపు నోటీసు అందుకున్న వితంతువు వెంట విచారణకు ఎవరైనా వెళ్లారా?

ఈ పనికి చందాలు వద్దు, వేదికలు వద్దు. జుమా నమాజు తరువాత మస్జిద్ ఆవరణలో ఒక బల్ల, జాబితా ప్రతి, చదవగలిగిన నలుగురు యువతీయువకులు చాలు. హక్కుల కోసం రక్తం చిందించినవారికి మనం చెల్లించవలసిన బాకీ అదే.