మాయాప్రవరుల వలపు

ప్రొద్దుటూరి బంగారపుటంగడిలో హారమునకు వెల గలదు. వలపునకు లేదని మన మెఱుఁగుదుము. కాని 2009లో వెలువడిన ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ అను కంప్యూటరు క్రీడలో, నాయకుని వెంట నడచు మోరిగన్ అను మంత్రగత్తెకు నగలిచ్చినకొలఁది ఆమె యాదరమును దెలుపు నంకె పెరుగును. ఆమె మెచ్చు మాటలు గూడ నేర్చి పలికినచో ప్రియురా లగును. ఇది ప్రణయమా, బేరమా?

“ఆటయే కదా, యింత కోపమేల?” అని జమ్మలమడుగు, పులివెందుల పడుచువా రడుగవచ్చును. నాయనలారా, కావ్యమును గల్పనయే. మన కడప మండలమునందలి కోకటము నగ్రహారముగాఁ బడసిన అల్లసాని పెద్దన వర్ణించిన ప్రవరుఁడు, వరూధిని యెంత వేఁడినను గాదనెను. ఆ కాదనుటయే మనుచరిత్రమునకుఁ బ్రాణము. పిదప నొక గంధర్వుఁడు ప్రవరుని రూపు దాల్చి, యామె కోరినవానివలె నటించి వంచించెను. తెరమీఁది ప్రత్యుత్తరములలోఁ దన మనసునకుఁ దోఁచినదానిని విడిచి, యంకె పెంచుదానినే యెన్నుకొను నాటకాఁడు ఆ గంధర్వుఁడు గాక మఱెవఁడు? గంధర్వునకు రూపు మార్చుకొను శ్రమయైనఁ గలిగెను!

కర్తలు చేతఁగానివా రని యనను. 2014 నాటి ‘ఇన్‌క్విజిషన్’లో డోరియన్ పురుషులనే ప్రేమించువాఁడు, నాయిక యెంత చతురముగాఁ బలికినను ఆతని మనసు మాఱదు. మొదటి క్రీడలోనే పవిత్రభస్మమును మలినపఱచినచో, కఠినురాలిగా మాఱని లీలియానా ప్రియునిపైనను గత్తి దూయును. ఆ ఘట్టమునకు నేను జేయెత్తి మ్రొక్కుదును. ఇట్టి మనసు మోరిగన్‌కు మాత్రమేల కొఱవడవలెను? ఆ హారమును ఒక్కమాఱైన నామెను నేలఁగొట్టనిండు.