ఆ పిల్ల పేరేమిటి?

కైకలూరులో తెలుగు పాఠం చెప్పుకొనే నాబోటివాడికి కొల్లేటికోట కథ తప్పదు. ఏటా చెబుతాను. గజపతుల నాడు కొల్లేటి నడుమ కోట ఉండేదట. చుట్టూ నీరు ఉన్నంతకాలం దాన్ని పట్టడం శత్రువు తరం కాలేదట. ఆ నీటిని సముద్రంలోకి లాగెయ్యాలని వాడు కాలువ తవ్వించాడనీ, అదే మన ఉప్పుటేరనీ అంటారు. గజపతి సేనాపతి దేవతల అనుగ్రహం కోసం కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. ఆ కాలువకు పేరంటాల కనమ అన్న పేరు అందుకే వచ్చిందని చెప్పుకొంటారు. ఇంతవరకు చెప్పి, త్యాగం మీద నాలుగు ముక్కలు జోడించి, పుస్తకం మూయడం నా అలవాటు.

ఈ ఏడు మూయనివ్వలేదు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. లంక గ్రామం పిల్ల.

"ఆ పిల్ల పేరేమిటి మాస్టారూ?"

"పేరంటాలు" అన్నాను.

"అది చచ్చిపోయాక పెట్టిన పేరు కదండీ. వాళ్లమ్మ ఏమని పిలిచేది?"

నిజమే సుమా! చనిపోయి పూజలందుకొనే స్త్రీని పేరంటాలు అంటాం. అంటే బిరుదు ఇచ్చి పేరు లాక్కున్నామన్నమాట. ఇరవై ఏళ్లుగా ఆ కథ చెబుతున్న నాకు ఆ మాట తట్టనే లేదు. ఇంతలో గంట కొట్టారు, బతికిపోయాను.

ఆ రాత్రి బీరువాలోంచి 'బిలవెడ్' నవల తీశాను. అమెరికా రచయిత్రి టోనీ మారిసన్ 1987లో వెలువరించింది. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమానం వచ్చింది. ఇటువంటి రచనలను మాంత్రిక వాస్తవికత అంటున్నారు. పేరు చూసి బెదరకండి. కాశీమజిలీ కథల్లో మాయ జరిగితే అందరూ నోళ్లు వెళ్లబెడతారు. ఈ నవలల్లో మాయ జరిగితే ఇంట్లోవాళ్లు "కాళ్లు కడుక్కో, అన్నం తిందువుగాని" అంటారు. తేడా అంతే.

మారిసన్ కథకు ఆధారం నిజంగా జరిగిన సంగతి. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ గడ్డకట్టిన ఒహాయో నది దాటి కుటుంబంతో పారిపోయింది. వెంటాడి పట్టుకోబోతే, బిడ్డ మళ్లీ బానిస కావడం కన్న చావే నయమని, రెండేళ్ల కూతుర్ని తన చేతులతోనే చంపుకొంది. నవలలో ఆ తల్లి పేరు సేత్. పద్దెనిమిదేళ్ల తరువాత ఒక పడుచు నీళ్లలోంచి నడిచివచ్చి ఆ ఇంటి ముందు కూర్చుంటుంది. పోయిన బిడ్డే తిరిగి వచ్చిందని తల్లి నమ్ముతుంది. ఆమె పేరల్లా సమాధిరాయి మీద చెక్కించిన ఒక్క మాట: 'ప్రియమైనది' అని దాని అర్థం. తల్లి పెట్టిన పేరు చివరిదాకా మనకు తెలియదు.

వచ్చిన పిల్ల తీపి అడుగుతుంది, కథలు అడుగుతుంది, ఎంత ఇచ్చినా చాలదంటుంది. తల్లి చిక్కి శల్యమవుతుంది. చివరికి బతికి ఉన్న కూతురు డెన్వర్ గడప దాటి ఇరుగుపొరుగును సాయం అడుగుతుంది. ఊరి ఆడవాళ్లు ఆ ఇంటి ముందు చేరి గొంతెత్తి పాడితే గాని ఆ నీడ తొలగదు. చూశారా, మందు మంత్రంలో లేదు. దాచిన మాట బయటికి రావడంలోనూ, వినడానికి నలుగురు చేరడంలోనూ ఉంది.

మాయ జోలికి పోకుండా ఇటువంటి గాయాన్నే చూపినవాడు ఏలూరులో 1916లో పుట్టిన మన బుచ్చిబాబు. 'చివరకు మిగిలేది'లో తల్లి మీద లోకం వేసిన నింద దయానిధిని ఎక్కడికి వెళ్లినా వెంటాడుతుంది. అక్కడ దయ్యం లేదు. లోకుల నోరే దయ్యం.

వారం తిరక్కుండానే ఆ అమ్మాయి నాలుగు పేజీల కథ వ్రాసి తెచ్చింది. పేరంటాలు తడి జుట్టుతో, కాళ్లకు గుర్రపుడెక్క చుట్టుకొని, ఉప్పుటేటిలోంచి వచ్చి తండ్రి తలుపు తడుతుంది. "నీవు దేవతవు, గుడికి పో" అంటాడు తండ్రి లోపలినుంచి. తల్లి వచ్చి తలుపు తీసి, పేరు పెట్టి పిలిచి, కంచం వేస్తుంది. ఆ పేరు ఉండవలసిన చోట ఖాళీ ఉంది.

"తెలియలేదండీ. అందుకని వదిలేశాను" అంది.

ఆ ఖాళీని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నా ఎనిమిదో ఏట మా చెల్లెలు నీళ్లలో పడి పోయింది. ఆ మరునాటినుంచి ఇంట్లో ఎవరూ దాని పేరు ఎత్తలేదు. దేవుడి దగ్గరికి వెళ్లిందన్నారు. నేను మాత్రం కొల్లేటి మీద కొంగలు వాలినప్పుడల్లా వాటిలో ఏదో ఒకటి అదేననుకొనేవాణ్ణి. పెద్దలు నోరు కట్టుకొన్న ఇంట్లో పసివాడికి దొరికే భాష అదే కాబోలు. ఎవరితోనూ అనలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, 38 ఏళ్ల తరువాత, అమ్మ ఎదుట చెల్లి పేరు పలికాను. అమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. లేచి వెళ్లిపోతుందేమోనని భయపడ్డాను.

"దానికి మజ్జిగన్నంలో మాగాయ ముక్క ఉండి తీరాలిరా" అంది.

ఆ తరువాత పదకొండు దాటేదాకా చెబుతూనే ఉంది. ఏడ్చింది, నవ్వింది, మళ్లీ చెప్పింది. నేను కొంగల సంగతి చెప్పాను.

ఆ పేరు ఇక్కడ వ్రాయను. అది మా అమ్మ నోట వినవలసిన పేరు. మీ ఇంట్లోనూ అటువంటి పేరు ఒకటి ఉంటే, ఈ వారం ఒకసారి పలికి చూడండి.