ఆపత్కాలంలో భాష

వరదలు, తుఫానులు, అగ్నిప్రమాదాలు సంభవించినప్పుడు పడవలు, మందులు, ఆహార పొట్లాలు ఎంత అవసరమో ప్రభుత్వాలు క్రమంగా గ్రహించాయి. కాని వీటన్నిటికంటె ముందు ప్రజలకు చేరవలసినది మాట. విన్నవారికి అర్థం కాని హెచ్చరిక హెచ్చరికే కాదని మా నిశ్చితాభిప్రాయం.

మన నగర చరిత్రనే తీసుకుందాం. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తింది. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. రుబాయీలకు పేరెన్నికగన్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ ప్రవాహంలోనే కోల్పోయారు. ఆనాడు నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. ప్రజలలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. సర్కారు ఫర్మానా పల్లెకు బోధపడాలంటే నడుమ ఒక దుబాసీ కావలసి వచ్చేది. నేడు పరిస్థితి తారుమారైంది. కచేరీలలో తెలుగు, ఇంగ్లీషు నడుస్తుండగా పాతనగరపు గల్లీలలో ఉర్దూ వినవస్తుంది. కావున మేము చెప్పబోయేది ఒక భాషవారి ఫిర్యాదు కాదు. కచేరీ భాష వేరు, ఇంటి భాష వేరు అయిన ప్రతిచోటా తలెత్తే చిక్కు ఇది.

2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ ఇళ్లలోకి నీరు చొరబడింది. అటువంటి రాత్రి "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను" అనే ప్రకటన ఇంటిపట్టున ఉండే ఒక ఉర్దూ వృద్ధురాలికి ఏమి ఉపకరిస్తుంది? దానినే గ్రాంథికమైన ఉర్దూలోకి మార్చి "నషేబీ ఇలాఖే" అన్నా ఫలితం అంతంతమాత్రమే. "పానీ ఆరా, జల్దీ ఊపర్ చలో" అని ఎరిగిన గొంతు ఒకటి పలికితే ఆమె లేచి నడుస్తుంది.

ఈ చిక్కు ఉర్దూకే పరిమితం కాదు. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఈ అంకెలు ఇంజనీర్లకు సుబోధకమే. కాని మన్యంలోని కోయ కుటుంబానికి కావలసింది అంకె కాదు. నీరు తమ గూడెంలో ఏ చెట్టు దాకా వస్తుందో, ఏ దారిన ఏ మెట్టకు చేరాలో వారి పలుకుబడిలో చెప్పేవారు కావాలి.

"అందరికీ తెలుగు వచ్చు గదా, ఈ చర్చ దేనికి?" అని కొందరు అడుగవచ్చు. బజారులో బేరమాడడానికి సరిపోయే భాష వేరు, నడిరేయి భయంలో మనసుకు తట్టే భాష వేరు. పైగా బయటి భాష బడికి పోయే పిల్లలకు వచ్చినంతగా ఇల్లు కదలని తల్లులకు రాదు. అందరికంటె ముందు తరలించవలసినది పిల్లలను, వృద్ధులను కనిపెట్టుకొని ఉండే ఆ తల్లులనే.

భాషతోపాటు ఆచారాన్ని కూడ గమనించాలి. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌ను తాకిన తుఫానులో లక్షమందికి పైగా మరణించారు. మృతులలో స్త్రీల సంఖ్య పురుషులకంటె చాల ఎక్కువ. పరదాకు వీలులేని ఆశ్రయాలకు వెళ్లడానికి సంకోచించడం, భర్త అనుమతి కోసం వేచి ఉండడం దానికి కారణాలలో కొన్ని. అదే దేశం 1972 నుండి పెంపొందించిన స్వచ్ఛంద సేవక వ్యవస్థలో ఆ గ్రామపు మనిషే మెగాఫోను పట్టుకొని ఆ గ్రామాన్ని హెచ్చరిస్తాడు. కాలక్రమాన స్త్రీలను కూడ అందులో విరివిగా చేర్చుకున్నారు. నమ్మిన నోటి మాటకు గల విలువను ఆ దేశం గుర్తించింది.

మన చట్టాల సంగతి చూద్దాం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాకు ఒక ప్రణాళిక ఉండాలన్నది. సహాయ పంపిణీలో లింగ, కుల, సమాజ, వంశ, మత భేదాలు చూపరాదని అదే చట్టంలోని 61వ సెక్షను శాసిస్తున్నది. ఆ జాబితాలో భాష ప్రసక్తి లేదు. తెలంగాణలో 2017లో ఉర్దూకు రాష్ట్రమంతటా ద్వితీయ అధికార భాషా ప్రతిపత్తి లభించింది. అది కార్యాలయాల నామఫలకాలతో ఆగిపోతే ప్రయోజనం స్వల్పం. చెరువుకట్టల బలాన్ని, పడవల సంఖ్యను లెక్కించినట్లే, ఏ వీధి ఏ భాషలో వింటుందో, అక్కడ ఎవరి మాటకు విలువ ఉన్నదో జిల్లా ప్రణాళిక లెక్కించాలి.

ఈ కార్యంలో మన కళాశాలకు ఒక విశిష్టత కలదు. ఒకే పైకప్పు క్రింద తెలుగు, ఉర్దూ విద్యార్థులు చదువుకొనే సంస్థలు అరుదు. కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. ఏటా వానకాలానికి ముందు జాతీయ సేవాపథకం విద్యార్థులను జంటలుగా, ఒకరు తెలుగు, ఒకరు ఉర్దూ తెలిసినవారుగా, చుట్టుపక్కల బస్తీలకు పంపాలి. స్త్రీలతో మాట్లాడడానికి విద్యార్థినుల జట్లు వేరుగా ఉండాలి. నడవలేనివారు, వినలేనివారు ఏ ఇంట ఉన్నారో వారు గుర్తించాలి. ఆపదలో చెప్పవలసిన పది చిన్న వాక్యాలను రెండు భాషలలో సిద్ధం చేసి మసీదులకు, దేవాలయాలకు, చౌకధరల దుకాణాలకు అందజేయాలి. ఆ పట్టికను జిల్లా కలెక్టరుగారి కార్యాలయానికి సమర్పించాలి. దీనికి అయ్యే వ్యయం ఒక వార్షికోత్సవపు షామియానా ఖర్చును మించదు.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి త్రవ్వబూనడం వివేకం కాదని పెద్దలు చెప్పారు. వరద ముంచుకు వచ్చినప్పుడు దుబాసీని వెదకడం కూడ అటువంటిదే. విద్యార్థి మిత్రులారా! మీ తోటి విద్యార్థి భాషలో కనీసం పది వాక్యాలు ఈ సంవత్సరమే నేర్చుకొనండి. ఏదో ఒక రాత్రి ఆ పది వాక్యాలే ఒక కుటుంబాన్ని మేడమెట్లు ఎక్కించవచ్చు.