ఆసక్తి లేదనే నింద

ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడాదీ ఒక మాట వినిపిస్తుంది: ముస్లింలకు చదువు మీద ఆసక్తి లేదట. అధికారులు అంటారు, మేధావులు అంటారు, మనలోనే నాలుగక్షరాలు నేర్చి ఒడ్డున పడినవారు మరింత గట్టిగా అంటారు. ఈ నిందను మనం అంగీకరించబోము.

ఆసక్తి లేని పిల్లలు పన్నెండేళ్లు ఎందుకు చదివారు? మెకానిక్ షెడ్డులో చేరితే నెల తిరగగానే ఇంటికి బియ్యం వస్తాయి. డిగ్రీలో చేరితే మూడేళ్లు ఎదురు ఖర్చు. ఆపైన ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా ఎవరిచ్చారు? డిగ్రీ పట్టా ఇంట్లో పెట్టి ఆటో నడుపుతున్న అన్నను ఆ కుర్రవాడు అదే గల్లీలో రోజూ చూస్తున్నాడు. లెక్క తెలిసినవాడు కనుకనే షెడ్డుకు వెళ్తున్నాడు.

పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు పాతికమందిలో ఒక్కరే ముస్లిం అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. కేంద్రం సర్వే ప్రకారమే 2019-20లో ఉన్నత విద్యలో 21 లక్షలున్న ముస్లిం విద్యార్థులు మరుసటి ఏడాది 19.21 లక్షలకు తగ్గారు. కరోనా కారణమంటారా? అదే ఏడాది దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థుల సంఖ్య పెరిగింది కదా! అందుకు జవాబన్నట్టు 2022లో మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేశారు.

బీసీ-ఇ కింద నాలుగు శాతం ఉందిగా అంటారు. ఉంది, పోరాడి నిలుపుకున్నాం. కాని సీటిచ్చిన ప్రభుత్వమే ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పెడితే, కళాశాల సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటే, తల్లి చెవికమ్మలు తాకట్టుకు పోతున్నాయి. అది చూసిన తమ్ముడు దరఖాస్తే పెట్టడు.

ఆడపిల్లల విషయంలో మన తప్పు కూడా ఒప్పుకోవాలి. కళాశాల దూరం, బస్సు లేదు, హాస్టల్ లేదు. ఇవి నిజమైన అడ్డంకులే. అయితే ఎక్కువ చదివితే సంబంధం కుదరదన్న భయం మనది. షాదీఖానా అద్దెకు, బిర్యానీ దేగ్‌లకు అప్పు పుట్టించగలిగిన మనకు మూడేళ్ల బస్సు ఛార్జీలు పుట్టవా?

ప్రవేశాల ప్రకటన వెలువడిన వారం నుంచి ప్రతి జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, దరఖాస్తు నింపడం తెలిసిన ఇద్దరు యువకులు ఉండాలని మసీదు కమిటీలను కోరుతున్నాం. ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం మండల కార్యాలయానికి పిల్లలతో పాటు ఒక పెద్దమనిషి వెళ్లాలి. ఓటడగడానికి మన గల్లీకి వచ్చే ప్రతి నాయకుడినీ బకాయిలు ఏ తేదీకి చెల్లిస్తారో కాగితం మీద రాసిమ్మని అడగాలి.